జకార్డు అట్టల స్ఫటికాలు

నిన్న ల్యాబులో ఒక అమ్మాయి నేనిచ్చిన పలుగురాయిని రెండుసార్లు తిప్పి చూసి బల్లమీద పెట్టేసింది. ఇది సరిగ్గా లేదు మేడమ్, వేరేది ఇయ్యండి అంది. రాయికి ఆరు ముఖాలున్నాయి గానీ ఒకటి వెడల్పు, ఇంకొకటి సన్నం. కోప్పడబోయి ఆగిపోయాను. ఆ వయసులో అదే మాట నేను పరీక్ష కాగితం మీద రాసి తప్పినదాన్ని.

తొంభైల చివరి సంగతి. మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. నేను రోజూ రైల్లో అనంతపురం పోయి డిగ్రీలో భూగర్భశాస్త్రం చదివేదాన్ని. అదే ఎందుకు ఎంచుకున్నారని ఎవరైనా అడిగితే ఇప్పటికీ గొప్పగా ఏదో చెబుతాను. నిజానికి వేరే గ్రూపులో సీటు దొరకలేదు. అందులో స్ఫటికాల పాఠం నాకు పెద్ద గండం. చెక్కతో చేసిన నమూనా చేతికిచ్చి ముఖాలెన్ని, అంచులెన్ని, సౌష్ఠవ తలాలెన్ని అని అడుగుతారు. ఎక్కడ కోస్తే రెండు సగాలు ఒకదాన్నొకటి అద్దంలో చూసుకున్నట్టు ఉంటాయో అది తలం. ఎక్కడ కడ్డీ గుచ్చి తిప్పితే ఒక చుట్టులో అదే రూపం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుందో అది అక్షం. ఇప్పుడింత తేలిగ్గా చెబుతున్నాను గానీ, అప్పుడు ఆ చెక్కముక్కను తిప్పితే నాకు కళ్ళు తిరగడమే తప్ప అక్షం కనిపించేది కాదు. నమూనాలేమో ఇంటికివ్వరు. ప్రాక్టికల్ తప్పితే చదువు మానేసి అమ్మ పక్కన దారం కండెలు చుట్టాల్సిందేనని మేనమామ ముందే తేల్చేశాడు.

నా అవస్థ చూడలేక నాయన మగ్గం దిగాడు. చీరల బుట్టాలు గ్రాఫు కాగితం మీద గీసుకునే మనిషి కనుక, నా పుస్తకంలోని బొమ్మలు నాకంటే ముందు ఆయనకే అర్థమయ్యాయి. డిజైనుకు తగ్గట్టు చిల్లులు కొట్టి మగ్గానికి తగిలించే జకార్డు అట్టలు పాతవి ఇంట్లో బోలెడుండేవి. వాటిని కత్తిరించి, పట్టుదారంతో కుట్టి నమూనాలు చేశాడు. అమ్మ వాటిని బొరుగుల పొట్లాలనేది. పుస్తకంలో వంకరగా పెరిగిన స్ఫటికాల బొమ్మలు కూడా కొన్ని ఉన్నాయి. వాటి దగ్గర నాయన ముఖం చిట్లించాడు. "ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. ఇట్లాంటిది ఎవురు కొంటారమ్మా?" అని, వాటినీ దిద్ది సమానంగానే కుట్టాడు. బుట్టా రవ్వంత తేడా వస్తే చీర వెనక్కి వచ్చే ఇల్లు మాది. నాకూ అదే న్యాయంగా తోచింది.

పరీక్షలో చెక్క నమూనా బదులు నిజం రాయి ఇచ్చారు. నాయన అట్టలకు అలవాటుపడ్డ నా కళ్ళకు అది ఎటు తిప్పినా కలవలేదు. సౌష్ఠవం లేదు, రాయే సరిగ్గా లేదు అని రాసి వచ్చాను. తప్పాను. ఫలితం తెలిసిన సాయంత్రం ఆ నమూనాలన్నీ నాయన ముందు విసిరేసి, "తెలియని దాంట్లో ఎందుకు చెయ్యి పెట్టినావు? నా చదువు నువ్వే పోగొట్టినావు" అన్నాను. ఆయన ఒంగి ఒక్కొక్కటే ఏరుకున్నాడు.

మర్నాడు పెళ్ళిచీర సగంలో వదిలేసి ముదిగుబ్బ బస్సెక్కాడు. చేలల్లో గొర్రెలు కాసేవాళ్ళను అడిగి అడిగి, తువ్వాల నిండా పలుగురాళ్ళు మూటగట్టుకొచ్చాడు. వానల్లేక చెనిక్కాయ పంట ఎండిపోయిన ఏడాది. రాళ్ళు మాత్రం బాగానే పండినట్టున్నాయని అమ్మ అంది. వాటిలో రెండింటికే ఆరు ముఖాలూ చెడకుండా ఉన్నాయి. రెండు ముఖాలు కలిసే మూల సరిగ్గా పట్టేట్టు నాయన ఒక అట్టముక్కకు గంటు కోశాడు. దాన్ని రాయి ఆరు అంచులకూ ఆనించి చూశాడు. ఎక్కడా సందు లేదు. రెండో రాయికీ అదే గంటు పట్టింది. పుస్తకం తెరిస్తే, ముఖాలు ఎట్లా పెరిగినా వాటి మధ్య కోణం మారదనీ, సౌష్ఠవాన్ని కోణాన్ని బట్టే చూడాలనీ రాసుంది. ఆ పేజీని ఇద్దరమూ దాటేశాం.

"పక్కలు ఎట్లన్నా పెరగనీ, మూల యాడా తప్పలేదు. రాయి బాగుండాది. నేనే తప్పు చూసినానమ్మా" అన్నాడు నాయన.

పుస్తకం చదవాల్సింది నేను, చదవనిది నేను. ఆ మాట అప్పుడే అనాల్సింది. అనలేదు. సప్లిమెంటరీలో పాసయ్యాను, పైచదువులు చదివాను, ఉద్యోగం వచ్చింది. ఆయన మగ్గం మీద ఉంటే పనిలో ఉన్నాడని, దిగితే అలసిపోయాడని, చెప్పకుండా ఊరుకుంటూ వచ్చాను. నాయన పోయి పదేళ్ళు. రెండు నిమిషాలు పట్టని మాట చెప్పడానికి, ఆయన నా ఎదుట ఉన్న పదిహేనేళ్ళు నాకు చాలలేదు.