పేరు లేని అర మాత్ర

రెండో రోజు మధ్యాహ్నం, ఓడలో భోజనాల హాల్లో, మా పాప కెజియా నాలుక బయటపెట్టింది. నేను పెరుగన్నం ముద్ద కలిపి పట్టుకుని ఉన్నాను. ఎదురుగా కంచికచర్ల పద్మక్క, వాళ్ళాయన, అక్కడి పురుగుమందుల డీలరు రంగారావు గారు కూర్చున్నారు. పాప వాళ్ళని వెక్కిరిస్తోందనుకున్నాను.

"లోపల పెట్టు" అన్నాను. పెట్టలేదు. తల ఎడమవైపుకి వంచి అలాగే చూస్తోంది.

"పెద్దవాళ్ళ ముందు ఏంటే ఆ వేషాలు" అని చెంప మీద కొట్టాను. అప్పటికీ పెట్టలేదు. ఇంకోటి కొట్టాను.

ఆ రెండు దెబ్బల సంగతి లేకుండా ఇది రాద్దామని చాలాసార్లు మొదలుపెట్టాను. పాప పడుకున్నాక కూర్చోవడం, నాలుగు వాక్యాలు రాయడం, చింపేయడం. చిన్నపిల్లలతో ఓడ ప్రయాణానికి వెళ్ళే తల్లులెవరికైనా పనికొస్తుందని ఈసారి అంతా రాస్తున్నాను.

మాది నందిగామ. నేను డిగ్రీ చదివి ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్తాను. మావారు ప్రభాకర్‌కి జగ్గయ్యపేటలో పురుగుమందుల షాపు. పత్తి మందులు, మిరప మందులు బాగా అమ్మిన డీలర్లని కంపెనీవాళ్ళు ఏటా ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్తారు. ఈసారి కుటుంబాలతో సహా ఓడ అన్నారు. చెన్నైలో ఎక్కి విశాఖపట్నం వెళ్ళి, మళ్ళీ చెన్నై. కెజియాకి అప్పుడు మూడున్నరేళ్ళు. పదమూడు కేజీల బరువు.

షాపులో మావారు ప్రతి రైతుకీ చెప్పే మాట ఒకటుంది. "మందు కొడుతుంటే కళ్ళు తిరిగినా, వాంతులైనా, ఖాళీ డబ్బా కూడా పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళండి. డాక్టరు ముందు అడిగేది మందు పేరే." వీరులపాడు నుంచి వచ్చే ముసలి రైతులు కూడా ఆ మాట ఆయన అనకముందే అప్పజెప్పేసి నవ్వుతారు.

బయల్దేరే ముందురోజు నందిగామ బస్టాండు దగ్గర మెడికల్ షాపుకి వెళ్ళాను. షాపతను శీను మాకు బాగా తెలిసినవాడు.

"వాంతులకి మాత్రలు నాలుగియ్యి శీనూ. ఓడెక్కుతున్నాం."

"షీటు తీసుకెళ్ళండి మేడమ్. సముద్రం కదా."

"షీటెందుకు, నాలుగు చాలు."

"పెద్దవాళ్ళకేగా?"

"ఆఁ, మాకే."

నాలుగు మాత్రలు కత్తెరతో కత్తిరించి, చిన్న కాగితం కవర్లో వేసి, కవరు మీద పెన్నుతో రెండు గీతలు గీశాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని. మందు పేరు కత్తిరించని ముక్క మీద వాళ్ళ షాపులోనే ఉండిపోయింది. మా వైపు అందరం మందులు అలాగే తెచ్చుకుంటాం. ఎవరం పేరు అడగం.

ఎక్కిన సాయంత్రమే సముద్రం రేగింది. మాది పై అంతస్తులో, ముందు వైపు గది. సముద్రం బాగా కనిపిస్తుందని కోరి తీసుకున్నాం. ఓడ ఎక్కువ ఎగిరిపడేది అక్కడేనని తర్వాత తెలిసింది. పిల్లలుంటే కింది అంతస్తులో, ఓడ మధ్యలో గది అడగండి. అలమర తలుపులు వాటంతటవే తెరుచుకుని ధనాధన్ కొట్టుకున్నాయి. కుర్చీ దొర్లుకుంటూ వచ్చి మావారి మోకాలికి తగిలింది. మంచం కింద ఎవరో గునపంతో పొడుస్తున్నట్టు దెబ్బ మీద దెబ్బ. పాప కక్కుతూనే ఉంది. ముక్కులోంచి కూడా వచ్చింది. కక్కడానికి ఏమీ లేనప్పుడు పసరు వచ్చింది.

అప్పుడు మాత్ర సగానికి విరిచి, పంచదార నీళ్ళలో కలిపి పాపకి తాగించాను. తెల్లారాక ఒక అర, టిఫిన్ తర్వాత ఇంకో అర. మనిషి చిన్నది కాబట్టి మాత్రలో సగం అనుకున్నాను. పదమూడు కేజీలు పెద్దమనిషి బరువులో సగం కాదని సైన్సు చెప్పే నాకు తట్టలేదు. వాంతులు కట్టాయి. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. భోజనానికి పాపని నడిపించుకుని వెళ్ళాను.

రెండో దెబ్బ తర్వాత కెజియా కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. నల్లగుడ్డు సగం కనిపించలేదు. మెడ ఎవరో పట్టుకుని పిండినట్టు వెనక్కి మెలి తిరిగింది. వీపు విల్లులా వంగి, కుర్చీతో సహా వెనక్కి పడిపోయింది.

"ఫిట్స్, ఫిట్స్" అన్నారు పక్క బల్లవాళ్ళు.

"సునీతా, చేతిలో ఇనుము పెట్టమ్మాయ్. తాళాలేవీ?" అంది పద్మక్క.

ఓడలో గదులకి తాళంచెవులుండవు, ప్లాస్టిక్ కార్డులుంటాయి. హాలంతా తాళాల కోసం జేబులు వెతుక్కున్నారు. రంగారావు గారు నాలుక కొరుక్కుంటుందని స్పూను తీసుకుని పాప పళ్ళ మధ్య దూర్చారు. పాప దవడ బిగుసుకుపోయి ఉంది. ఆయన ఇంకా బలంగా నెట్టారు. టక్కుమని చప్పుడైంది. ముందు పన్ను ముక్క నా చీర మీద పడింది. నోరంతా రక్తం.

మావారు ఆయన్ని తోసేసి పాపని భుజాన వేసుకున్నారు. వైద్యశాల కింది అంతస్తులో ఉందని ఎవరో చెప్పారు. ఓడెక్కిన రోజే అదెక్కడుందో ఒకసారి నడిచి చూసి రావాల్సింది. మేము ఈతకొలను చూశాం, ఆటల గది చూశాం, అది చూడలేదు.

లిఫ్టు దగ్గర ఇద్దరు డీలర్లు కొట్టుకుంటున్నారు. పొద్దుటి నుంచీ బారు తెరిచే ఉంది. "నా రైతుల్ని లాక్కుని టార్గెట్ కొట్టావురా నువ్వు" అని ఒకడు రెండోవాడి తల పట్టుకుని గోడకేసి బాదుతున్నాడు. చుట్టూ పదిమంది. కింద పగిలిన సీసా. మావారు ఆగలేదు. భుజంతో గుద్దుకుంటూ ఆ గుంపులోకి దూరిపోయారు. ఒకడి మోచెయ్యి ఆయన ముఖానికి తగిలి పెదవి చిట్లింది. ఆయన వాడి పొట్టలో తన్నారు. ఆయన అలా తన్నడం నేనెప్పుడూ చూడలేదు. చెప్పు ఊడిపోయి గాజు ముక్క అరికాల్లో దిగిందని కూడా ఆయనకి తెలియలేదు. మెట్ల నిండా రక్తపు అడుగులు. ఓడ ఒరిగినప్పుడల్లా ఇద్దరం గోడకి కొట్టుకుంటూ దిగాం.

డాక్టరుగారు మలయాళీ. ఇంగ్లిషులోనే మాట్లాడారు. ముందు నోట్లోంచి రక్తం తుడిచి, "ఎవరు పెట్టారు నోట్లో? ఎప్పుడూ పెట్టకూడదు" అన్నారు.

తర్వాత వరసగా ప్రశ్నలు. ఫీవర్ ఉందా? లేదు. ఇంతకుముందు సీజర్స్, అంటే ఫిట్స్, వచ్చాయా? లేదు. హెడ్ ఇంజరీ?

నేను పాప చెంప వైపు చూశాను.

"అమ్మా, తలకి దెబ్బ తగిలిందా?"

"కుర్చీలోంచి పడింది. అంతకుముందు నేను కొట్టాను. చెంప మీద. రెండుసార్లు."

ఆయన నా ముఖంలోకి చూశారు. సిస్టర్ కూడా చూసింది. "తలలో బ్లీడింగ్ అయ్యుంటే స్కాన్ చెయ్యాలి. ఓడలో స్కాన్ లేదు. రేవు చేరేది రేపు పొద్దున" అన్నారు.

నరంలోకి మందెక్కించే సూది, ఐ.వి. క్యాన్యులా, పెట్టడానికి నలుగురం పట్టుకున్నాం. నేను కాళ్ళు, మావారు భుజాలు. మొదటి సూది వంగిపోయింది. రెండోది నరం చీల్చుకుని బయటికొచ్చి దుప్పటంతా రక్తమైంది. ఆ చిన్న ఒంట్లోకి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో, ఒక్క విదిలింపుతో సిస్టర్ కళ్ళజోడు ఎగిరి పడింది. "దెయ్యంలా చేస్తున్నావేంటే, కదలకు" అని అరిచాను. అది కూడా నేనే అన్నాను.

"ఏమైనా మందులిచ్చారా?" అన్నారు డాక్టరుగారు.

"వాంతులకి ఒక మాత్ర. అర చొప్పున మూడుసార్లు."

"పేరు?"

కాగితం కవరు తీసి ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. రెండు గీతలున్నాయి. లోపల మిగిలిన మాత్రల రేకు మీద తేదీ సగమే ఉంది. "పేరు తెలిస్తే చెప్పగలను. తెలియకపోతే తలలో ఏమైందోనన్న లెక్కలోనే చూడాలి" అన్నారు.

మావారు నా వైపు చూశారు. ఆయన రోజూ రైతులతో అనే మాట ఆ గదిలో మా ఇద్దరికీ వినిపించింది.

సముద్రంలో మన ఫోన్లు పనిచెయ్యవు. సిస్టర్ తన వైఫై ఇచ్చింది. మావారు వాట్సాప్‌లో శీనుకి చేశారు. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. మూడోసారికి ఎత్తాడు.

"శీనూ, మొన్న మా ఆవిడకిచ్చిన వాంతుల మాత్ర పేరేంటి?"

"ఏమైందన్నా? ఓడెలా ఉంది?"

"పేరు చెప్పరా ముందు."

శీను షాపులో వెతికి, మిగిలిన షీటు ఫొటో పంపాడు. మెటోక్లోప్రమైడ్, పది మిల్లీగ్రాములు. డాక్టరుగారు ఫొటో చూసి చేతిలో టార్చి పక్కన పెట్టేశారు.

"ఇది ఫిట్స్ కాదు. డిస్టోనియా. ఈ బరువుకి డోసు చాలా ఎక్కువైంది. కండరాలు వాటంతటవే బిగుసుకుపోతాయి. నాలుక కూడా అందుకే బయటికొచ్చింది. భయపడకండి, దీనికి ఇంజెక్షనుంది." సిస్టర్‌కి మందు చెప్పి, మళ్ళీ నా వైపు తిరిగారు. "ఇంకో మాట. ఫిట్స్‌లో అయితే పిల్లకి స్పృహ ఉండదు. దీంట్లో ఉంటుంది. ఇంతసేపూ ఆమె అన్నీ వింటూనే ఉంది."

ఇంజెక్షనిచ్చిన పది నిమిషాలకి మెడ వదులైంది. కళ్ళు కిందికి దిగాయి. నాలుక లోపలికి వెళ్ళింది. కెజియా నన్ను వెతుక్కుంది.

"అమ్మా, నేను కావాలని పెట్టలా. అదే వచ్చింది" అంది.

సాయంత్రం మళ్ళీ మెడ తిరిగింది. మళ్ళీ ఇంజెక్షన్. మందు ఒంట్లోంచి పోయేదాకా ఇలా రావచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు కాబట్టి ఈసారి నేను అరవలేదు. "వింటున్నావు కదా తల్లీ, తగ్గిపోతుంది" అని చెవిలో చెప్తూ కూర్చున్నాను. మావారి కాలికి కుట్లు పడ్డాయి. పొద్దున విశాఖలో దిగిపోయాం. అక్కడి ఆస్పత్రిలో సీటీ బ్రెయిన్, ఈఈజీ రెండూ తీశారు. నార్మల్. పిల్లల డాక్టరమ్మ ఫైలు మీద ఎర్ర పెన్నుతో మందు పేరు రాసి, "ఈ మందు మళ్ళీ పాపకి వెయ్యకూడదు. మందేదైనా పిల్లలకి బరువుని బట్టి మేము చెప్పాలి, మీరు విరవకూడదు" అంది.

ఇంటికొచ్చిన మర్నాడు మావారు కుంటుకుంటూనే బండి తీశారు. ఎక్కడికో అర్థమై వెనక ఎక్కాను. ఆయన శీను కాలర్ పట్టుకుని కౌంటరు మీదుగా ఇవతలికి లాగారు. అద్దం పగిలింది. మందుల డబ్బాలు రోడ్డు మీదికి దొర్లాయి. ముఖం మీద రెండు గుద్దులు. శీను ముక్కులోంచి రక్తం.

"పాపకని చెప్పలేదన్నా, నిజంగా."

"చంటిపిల్లున్న ఇల్లని తెలీదంట్రా నీకు?" మూడోసారి చెయ్యెత్తారు. బస్టాండులో జనం మూగుతున్నారు.

పెద్దవాళ్ళకేనా అని శీను అడిగిన సంగతి ఓడలో మావారికి చెప్పలేదు నేను. శీను తప్పే అనుకుంటున్నారు, అనుకోనిచ్చాను. ఎత్తిన ఆ చెయ్యి చూశాక నోరు మూసుకోవడం నావల్ల కాలేదు.

"అతను అడిగాడండి, పెద్దవాళ్ళకేనా అని. మాకే అన్నాను. షీటు తీసుకెళ్ళమన్నాడు, వద్దన్నాను. విరిచి వేసింది నేనే."

చెయ్యి అలాగే ఆగిపోయింది. శీను ముక్కు తుడుచుకుంటూ నన్ను చూశాడు. జనంలో ఎవరో "ఆడవాళ్ళకి చదువెందుకు మరి" అన్నారు. ఎవరో నవ్వారు. మావారు వంగి, రోడ్డు మీది డబ్బాలు ఏరడం మొదలుపెట్టారు. నేనూ ఏరాను. కొత్త అద్దం మావారే బిగించి వచ్చారు. ఆ వారమంతా నాతో ఒక్క మాటే అన్నారు: "డబ్బా పారెయ్యొద్దని ఊరందరికీ చెప్తాను నేను."

ఇప్పుడు కెజియా ఎల్‌కేజీ. మెడ మళ్ళీ తిరగలేదు. విరిగిన పన్ను పాలపన్నే, కొత్తది వస్తుంది. ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించలేం కాబట్టి బస్టాండు వైపు వెళ్ళినప్పుడు కొంచెం తల దించుకుంటాను. శీను మాత్రం కవరు మీద గీతలతో పాటు మందు పేరు కూడా రాసిస్తున్నాడు.

నేను చెప్పేది ఒక్కటే. ఓడైనా బస్సైనా, మందు షీటుతోనే తీసుకెళ్ళండి. పేరు కనిపించేట్టు ఫోన్లో ఫొటో తీసి, పక్కన పిల్ల బరువు రాసిపెట్టుకోండి. పిల్లకి పనికొస్తుందా అని బయల్దేరకముందే డాక్టర్ని అడగండి.

చాలా నెలలు కెజియా నాలుక బయటికి వస్తే చాలు, చేత్తో నోరు మూసుకుని నా చేతుల వైపు చూసేది. మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ ఐస్ కొనలేదని కోపం వచ్చి నాలుక బారెడు చాపింది. నోరు మూసుకోలేదు.

"ఇది కావాలనే" అంది.

నేను కూడా చాపాను.