అవ్వ ఇచ్చిన బెల్లం ఇనాము

మా చిన్నప్పుడు... అల్వాల్‌లో డేరా సినిమా పడిందంటే గుండ్లపోచంపల్లిలో మా ఇంట్లో వంట పెందలాడే అయిపోయేది. పక్కింటి ఖాసిం చాచా బండి కట్టేవాడు. పెద్దవాళ్ళు ఎక్కగా పిల్లలకు మిగిలేది ఒక్క చోటే. దానికోసం నాకూ మా సుగుణక్కకూ ప్రతిసారీ కొట్లాటే...

ఆ కొట్లాట తీర్చడానికి అవ్వ ఒక పద్ధతి పెట్టింది. సినిమా చూసొచ్చిన మర్నాడు వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ, సినిమాలో అందరిలోకీ ఎవరు బాగా నటించారో తేల్చేది. వాళ్ళ పేరిట ఒక బెల్లం గడ్డ ఇనాము! ఆ పేరు నేను ముందే చెప్పగలిగితే బెల్లం నాది, మళ్ళీ ఆటకు బండిలో చోటూ నాదే. తప్పితే రెండూ అక్కవి.

అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ తెర మీద ఎవరు దొంగ ఏడుపు ఏడ్చినా ఇట్టే పట్టేసేది. ఆ చూపంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఒకసారి ధీమాగా చెప్పేశాను... "నాయిన ఏషం గట్టినాయిన!" తాను పస్తుండి కూతురికి అన్నం పెట్టే చోట డేరా అంతా ఏడ్చింది. అవ్వ కళ్ళొత్తుకోవడం నేను చూశాను కూడా.

అవ్వ మూతి తిప్పింది. "ఏడిపిచ్చిండు, నిజమే. గని బిడ్డకు ఎవడన్న ఎడమ చేత్తోని బువ్వ పెడ్తడా? గాయినకు ఇయ్య."

 అక్క అప్పుడే బెల్లం అందుకుంది.

ఎద్దులకు గడ్డి వేస్తున్న చాచా ఆగాడు. "ఎడమ చెయ్యేంది అమ్మా? కుడి చేత్తోనే పెట్టిండు. నేను మంచిగ జూసిన."

ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. తీరా చూస్తే... డేరా నడుమ సినిమా తెర కట్టి మగవాళ్ళను ఇటు, ఆడవాళ్ళను అటు కూర్చోబెట్టేవారు. బొమ్మ వేసే మిషను మగవాళ్ళ వైపు. మేం ఇన్నాళ్ళూ తెర వెనక నుంచి, కుడి ఎడమైన బొమ్మను చూశాం! మాలో ఒక్కరికి చదువొచ్చినా తెర మీది పేర్లు తిరగబడి ఉన్నాయని ఎప్పుడో కనిపెట్టేవాళ్ళం.

 అవ్వ అక్క చేతిలోని బెల్లం తీసి నాకిచ్చింది. "తప్పు నాదే బిడ్డా. మంచాయినను ఊకెనే అన్న." చాచా వైపు తిరిగింది. "ఎల్లుండి జల్దీ బండి కట్టు ఖాసిం. ఇగ నేను ఎన్క గూసోను."

అదే సినిమా ఇంకా ఆడుతోంది. డేరావాడు అడ్డొచ్చినా అవ్వ ఆగలేదు. ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని ముందు వైపుకొచ్చి కూర్చుంది. మగవాళ్ళే జరిగారు. తెర మీద ఆ తండ్రి కుడి చేత్తో ముద్ద పెట్టాడు... అవ్వ లేచి నిలబడి దండం పెట్టింది. "మాఫ్ జెయ్యి నాయినా" అంది, నిండు డేరాలో.

ఇప్పుడు సినిమా అవార్డులు వస్తున్నాయంటే మనవరాలు ఫోన్ పట్టుకుని "ఎవరికొస్తుందో చెప్పు నానమ్మా" అంటుంది. చెబుతాను, సగం తప్పుతాయి. ఇచ్చేవాళ్ళ తీర్పులూ తప్పుతాయి... కానీ తప్పిందని లేచి దండం పెట్టినవాళ్ళను మళ్ళీ చూడలేదు.

మీ ఇళ్ళల్లో ఇలాంటి ఇనాములు ఎవరిచ్చేవారు? చెప్పండి, వింటాను. నన్నడిగితే మాత్రం... ఆ సినిమా బెల్లం గడ్డ మా అవ్వదే.