సగం అంటే దేంట్లో సగం?

మా అత్తమ్మ లావుగా ఉండేదంటే అబద్ధం కాదు గాని, ఆ మాట ఆమెకు చాలదు. ఆమె వంటింట్లోకి పోతే వంటిల్లు నిండిపోయేది. కోడలిగా కామారెడ్డికి వచ్చిన కొత్తలో, పొయ్యి దగ్గర నాకు చోటు లేదని మా అమ్మతో చెప్పుకున్నాను. అత్తల మీద కోడళ్ళు చెప్పుకునే మామూలు ఫిర్యాదు అనుకుని అమ్మ నన్ను ఓదార్చింది. నేను చెప్పింది నిజంగా చోటు గురించే.

రెండో ప్రపంచయుద్ధం మొదలు కాకముందు మాట ఇది. ఆ ఇంట్లో రోజూ ఎంతమంది తింటారో ఎవరూ చెప్పలేరు. మామ, ఆయన కొడుకులు, కోడళ్ళం, పిల్లలు, పొలం పనికి కుదిరిన జీతగాండ్లు, బజారుకు బెల్లం తెచ్చి మా వాకిట్లోనే ఎడ్లు విప్పే బీబీపేట చుట్టాలు. అందరికీ అత్తమ్మే వడ్డించేది. తాను అందరి తర్వాత, ఆఖరున కూర్చునేది. అందుకే ఇంట్లో అందరికంటే తక్కువ తినేది ఆమేనని ఇల్లంతా నమ్మేది. ఆమె కూడా నమ్మేది. పళ్ళెం ముందు కూర్చుని తిన్నదే తిండి. నిలబడి తిన్నది పని. చిన్నోడు కొరికి పడేసిన రొట్టె, ఉడికిందో లేదో చూసే పేరిట పిడికెడు మెతుకులు, కుండకు అంటుకున్న అడుగు, ఎవరో వద్దన్న మారుముద్ద, ఇవన్నీ పారెయ్యకుండా కాపాడే పని. అన్నం పారేస్తే పాపం. ఆ పాపం ఇంట్లోకి రాకుండా అత్తమ్మ ఒక్కతే అడ్డం నిలబడింది.

తర్వాత ఆమెకు ఊపిరి ఆడటం కష్టమైంది. బావి నుంచి బిందె తెచ్చి దించి, అరుగు మీద కూలబడేది. వెల్లకిల పడుకుంటే ఎవరో గొంతు మీద కూర్చున్నట్టుందని గోడకు ఆనుకునే నిద్రపోయేది. కాళ్ళ మీద వేలు పెట్టి నొక్కితే పడిన గుంట చాలాసేపటికి గాని పూడేది కాదు. మామ డాక్టరును ఇంటికే పిలిపించాడు. ఆయన గొట్టం పెట్టి విన్నాడు, ఉర్దూలో ఏదో చెప్పాడు. మామ దాన్ని సర్కారు ఫర్మానా చదివినట్టు చదివి వినిపించాడు. గుండె అలిసిపోయింది, ఇంత ఒళ్ళును మొయ్యలేదు, తిండి సగం చెయ్యాలి, చెయ్యకపోతే ఈ మనిషి దక్కదు.

ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. అత్తమ్మకు ఒక్కతికే అనుమానం వచ్చింది.

"సగం అంటే దేంట్ల సగం? నేను తినేదే కొంచెం. కొంచెంల సగమంటే ఇగ వాసన చూసుడే."

"డాక్టర్ సాబ్ చెప్పిండు గద," అన్నాడు మామ.

"ఆయన నా పళ్ళెం చూసిండా? నన్ను చూసి చెప్పిండు."

"నిన్ను చూస్తె పళ్ళెం సమజైతది తియ్," అని మామ కండువా దులుపుకుని బయటికి పోయాడు. ఆ ఇంట్లో ధైర్యమైన మాటలన్నీ గడప దాటుతూ అనేవే.

అందరికంటే చిన్న కోడలిని, అందరికంటే పెద్ద నోరు ఉన్నదాన్ని కనుక ఆ సగాన్ని వెతికే పని నాకు పడింది. మరునాడు పొద్దున ఒక ఇత్తడి తాంబాళం తీసుకుని దాన్ని గాదె వెనక పెట్టాను. అత్తమ్మ నోట్లో వేసుకున్న ప్రతిదానికీ జోడుగా అంతే తెచ్చి అందులో వేశాను. ఆమె రొట్టె ముక్క తింటే ఒక ముక్క, మెతుకులు చూస్తే పిడికెడు మెతుకులు. మధ్యాహ్నానికే తాంబాళం అంచు కనబడలేదు. సందెవేళ దాన్ని తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"ఎవరికే ఇది? జీతగాండ్లకా?"

"నీకే అత్తమ్మా. పొద్దుగాల సంది నువ్వు తిన్నది."

ఆమె దాన్ని చూసింది. నన్ను చూసింది. నేను నవ్వుతానేమోనని చూసిందనుకుంటాను. నవ్వలేదు. నవ్వడానికే తెచ్చాను గాని ఆమె ముఖం చూశాక నవ్వు రాలేదు.

"గిదంత నేనేనా?" అని మెల్లగా అడిగి, పక్కన ఉన్న చాట తీసి తాంబాళం మీద బోర్లించింది, చచ్చినదాని మీద గుడ్డ కప్పినట్టు.

ఆ రోజు నుంచి గరిటె నా చేతికి వచ్చింది. అడ్డు వచ్చింది మాత్రం ఆకలి కాదు, మారు వడ్డన. మా దిక్కు ఎవరికైనా ఒక్కసారే వడ్డించి ఊరుకోకూడదు. పగవానికి, పీనుగ ముందు మాత్రమే ఒక్కసారి పెడతారు. మనిషన్నవాడికి మారు పెట్టాలి, అతడు తినాలి. అత్తమ్మ ప్రాణమైనా వదులుతుంది గాని మారు వదలదు. కాబట్టి కొబ్బరిచిప్పతో చేసిన చిన్న గరిటె ఒకటి పట్టాను. మొదట దాంతో ఒకసారి, మారు దాంతోనే ఇంకోసారి. రెండూ కలిస్తే డాక్టరు చెప్పిన సగం. దేవుడూ డాక్టరూ ఇద్దరూ ఒప్పుకున్నారు. పిల్లలు వదిలిన ఎంగిలంతా బర్రె తాగే కుడితి గోళెంలోకి పోయేది. పంటలు వచ్చేనాటికి అత్తమ్మ తగ్గింది, బర్రె బలిసింది.

నిజంగానే తగ్గింది. గోడను వదిలి చాప మీద వెల్లకిల పడుకుంది. ఒకరోజు పొలానికి సద్ది తానే మోసుకుపోయి, మధ్యలో ఎక్కడా కూర్చోకుండా వచ్చానని మామకు రెండుసార్లు చెప్పింది. మామ రెండోసారి కూడా కొత్తగా విన్నట్టు విన్నాడు. అది ఆయన చేతనైన ప్రేమ.

వాడకట్టు మాత్రం మరో రకంగా విన్నది. బావి దగ్గర ఒకామె నా ముందే నా తోటికోడలితో అంది: "మీ అత్త గట్ల ఎండిపోయిందేందే? కొత్త కోడలు గరిటె గుంజుకున్నదట గద?"

"గుంజుకున్న. మీ అత్తకు గూడ తగ్గియ్యాల్నా? చెప్పు, వస్త," అన్నాను.

ఆ జవాబు నాకు అప్పుడు చాలా బాగుందనిపించింది. అది ఎల్లారెడ్డి దాకా పోయింది.

ఎల్లారెడ్డిలో అత్తమ్మ తల్లి ఉండేది. మేమంతా పెద్దవ్వ అనేవాళ్ళం. చూపు పోయి చాలా కాలమైంది. ఎండలు ముదిరే వేళకు అత్తమ్మ తమ్ముడు కబురు పంపాడు: అవ్వ మంచం పట్టింది, ముద్ద ముట్టుకోవడం లేదు, ఎవరు పెట్టినా మూతి తిప్పుకుంటున్నది, అక్కను ఒకసారి తోలండి. బండి కట్టించి మామ మమ్మల్ని పంపాడు. చిన్న గరిటెను నేను మూటలో పెట్టుకున్నాను.

పెద్దవ్వ మంచంలో ఉందని చెప్పారు గాని, మొదట నాకు దుప్పటే కనబడింది. అత్తమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"ఎవరు?"

"నేనే అవ్వా."

పెద్దవ్వ ఆ చేతిని మణికట్టు నుంచి భుజం దాకా తడిమింది. "నా బిడ్డ చెయ్యి గిట్లుండది. ఎవరివే నువ్వు, అబద్ధం చెప్పవడ్తివి?"

"నేనే అవ్వా, పాణం బాగలేకుంటే తిండి తగ్గించిన్రు."

"ఎవరు తగ్గించిన్రు? ఆ కోడలేనా? వచ్చిందా అది?"

నేను దగ్గరికి పోయాను.

"ఏం చేసినవే నా బిడ్డను?"

"సగం చేసిన అవ్వా. డాక్టర్ చెప్పిండు."

"మిగిలిన సగం ఏడ వెట్టినవ్?"

"బర్రెకు పెట్టిన."

దుప్పటి కదిలింది. పళ్ళు లేని నోటితో పెద్దవ్వ నవ్వుతున్నది. వారం నుంచి ఆ ఇంట్లో ఎవరూ వినని చప్పుడట అది. నవ్వి, బిడ్డ చెయ్యి వదలకుండా అంది: "బువ్వ తెమ్మను. నా బిడ్డ తింటె నేను తింట. అది ఒక ముద్ద, నేనొక ముద్ద. సగం గిగం నా ముంగట నడవది."

అట్లా మొదలైంది. పొద్దున జొన్న గట్క, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రికి పాలల్లో నానేసిన రొట్టె. అత్తమ్మ ఒక ముద్ద తింటే పెద్దవ్వ ఒకటి తింటుంది. పెద్దవ్వది గోటంత ముద్ద, అత్తమ్మది మాత్రం ముద్దంత ముద్ద కావాలి. కళ్ళు లేకపోతేనేం, ఆమె చెవులు పెట్టి వినేది. నేను చిన్న ముద్దలు చేసి ఇస్తే కనిపెట్టింది. "నములుతలేదది. మింగుతున్నది. పెద్దగ చెయ్." ఒకసారి అత్తమ్మ ముద్దను నేను లాక్కుని, మంచం దగ్గరికి వంగి చప్పుడు చేస్తూ నమిలాను.

"అది కోడలి నోరు," అంది పెద్దవ్వ. "నమిలేటప్పుడు గూడ అది మాట్లాడ్తది."

పెద్దవ్వ లేచి కూర్చుంది. తమ్ముడి పిల్లల పేర్లు పిలిచింది, తన కోడలిని తిట్టింది. ఆ తిట్లు విని ఆ కోడలు కళ్ళు తుడుచుకుంది, అవ్వ బతికిందని. అందరూ అత్తమ్మ చెయ్యి మంచిదన్నారు. ఆ మంచి చెయ్యి మళ్ళీ ఉబ్బింది. కాలి మీద వేలు పెడితే గుంట పడింది. వాకిలి దాకా పోయి తలుపు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం పెరట్లో, గోడకు ఆనుకుని ఆయాసపడుతున్న ఆమె ముందు కూర్చున్నాను.

"ఇగ చాలు అత్తమ్మా. ఇంటికి పోదాం. లేకుంటే అవ్వకు చెప్పేస్త."

"చెప్పకు."

"నువ్వు సచ్చిపోతవు." ఆ మాట తిన్నగా అన్నాను.

ఆమె ఊపిరి కూడదీసుకుంది. "జర ఆగుమను ఈ గుండెను. ఆమె అన్నం తింటున్నదే పిల్లా. నా చేతిల తింటున్నది."

లోపలికి పోయి మళ్ళీ మంచం మీద కూర్చుంది. తలుపు పక్కనే నేను నిలబడ్డాను. పెద్దవ్వ ఏదో చెబుతూ చెబుతూ ఆగింది. తల కొంచెం పక్కకు వంచింది, నమలడాన్ని వినేటప్పుడు వంచినట్టే. అప్పుడు ఎవరూ ఏమీ నమలడం లేదు. గదిలో అత్తమ్మ ఊపిరి ఒక్కటే ఉంది, తడి కట్టె కాలినట్టు చిటచిటమంటూ. పెద్దవ్వ చెయ్యి చాచి, బిడ్డ రొమ్ము మీద పెట్టింది. చాలాసేపు అట్లాగే ఉంచింది. డాక్టరు గొట్టం కూడా అంతసేపు వినలేదు.

"ఉక్కగ ఉన్నది గద బిడ్డా," అంది చివరికి.

"అవ్ అవ్వా, ఉక్క," అంది అత్తమ్మ.

మరునాడు పొద్దున గట్క తెస్తే పెద్దవ్వ మూతి తిప్పుకోలేదు, కోపం చెయ్యలేదు. చెయ్యి అడ్డం పెట్టి మెత్తగా అంది: "నిండింది."

మా దిక్కు ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయినయని అనరు. ఆ మాట అపశకునం. నిండుకున్నయి అంటారు. గింజ లేని గాదె కూడా మా నోట్లో నిండే ఉంటుంది. అత్తమ్మ ఆ మాటను కడుపు మాటగా విన్నది. రాత్రి పాలు ఎక్కువ తాగింది గద, నిండి ఉంటుందిలే అంది, పళ్ళెం తీసుకుపోయింది. నేను రెండో రకంగా విన్నాను, ఎందుకంటే ముందురోజు సాయంత్రం తలుపు పక్కన ఉన్నది నేను.

మధ్యాహ్నం కూడా అదే మాట. రాత్రికి అదే. "ఒక్క ముద్ద అవ్వా, నేను తింట, సూడు," అని అత్తమ్మ బతిమాలింది. "నిండింది బిడ్డా. నువ్వు గూడ చెయ్యి కడుక్కో." నీళ్ళు మాత్రం తాగేది. ఒకసారి అత్తమ్మ బావికి పోయినప్పుడు నేను చెవి దగ్గర కూర్చున్నాను. ఏదో చమత్కారం చేద్దామనే కూర్చున్నాను, మొదటిసారి అదే పని చేసింది కదా. పెద్దవ్వ నా చెయ్యి తడిమి గుర్తుపట్టి, "దాన్ని ఇంటికి తోల్కపో. నీ గరిటెతోనే పెట్టు," అంది. నేను సరే అన్నాను. అంతకంటే తెలివైన మాట ఏదీ దొరకలేదు.

పెద్దవ్వ అట్లాగే, ఎవరికీ కష్టం లేకుండా, ఎండ తగ్గిన ఒక పూట పోయింది. దినాలు అయ్యేదాకా ఉన్నాం. ఆ దినాల్లో అత్తమ్మ ఒళ్ళు తగ్గిపోయింది, ఎవరూ సగం చెయ్యకుండానే.

తిరుగు ప్రయాణంలో అడవి దాటాక బండివాడు ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి ఆపాడు. మేము చెట్టు కింద కూర్చున్నాం. అత్తమ్మ ముందు సద్ది మూట విప్పకుండా ఉంది.

"పిల్లా. అవ్వకు నా ఊపిరి ఇనవడ్డదా?"

వినబడలేదు అని చెప్పొచ్చు. అబద్ధాలు చెప్పడంలో నాకు ఇబ్బంది ఏమీ లేదు. కాని ఆమె నన్ను చూడటం లేదు, నీళ్ళు తాగుతున్న ఎడ్లను చూస్తున్నది. జవాబు అప్పటికే తెలిసినవాళ్ళు అడిగే పద్ధతి అది.

"ఇనవడ్డది అత్తమ్మా."

ఎడ్లు తాగడం అయిపోయింది. బండివాడు కాడి ఎత్తాడు.

"ఇంట్ల ఎవ్వరికి చెప్పకు," అంది లేస్తూ. "కడుపునిండ తిని పోయిందని చెప్పు."

ఇంటికి చేరేసరికి పెద్ద పంక్తి. మామ, కొడుకులు, పిల్లలు, ఇద్దరు చుట్టాలు. అత్తమ్మ స్నానానికి పోయింది, నేను వడ్డించాను. మామ తల ఎత్తకుండానే అడిగాడు, ఆఖరికి ఏమన్నా తిన్నదా ముసలమ్మ అని.

"కడుపునిండ తిని పోయింది మామా."

"అదృష్టవంతురాలు," అన్నాడు మామ, పెరుగు కోసం పళ్ళెం ముందుకు జరిపాడు.