శశిభూషణ్ గారి మెయింటెనెన్సు తగ్గింపు

శశిభూషణ్ గారు ముషీరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యారు. రిటైరైంది ఉద్యోగం నుంచే, చెప్పడం నుంచి కాదు. తార్నాకలో మా అపార్ట్‌మెంటులో ఆయనది నాలుగో అంతస్తు, నాది రెండోది. పొద్దున్నే యూనివర్సిటీలోకి నడకకు వెళ్ళి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూలబడి, దేశాన్ని కాసేపు బాగుచేసి వస్తుంటాం. బాగుచేసేది ఆయనా, మూడో అంతస్తు పరుశురామూ. నాది వినే డ్యూటీ.

ఆయన సిద్ధాంతం ఒక్కటే. "పన్ను తగ్గించండి. జనం చేతిలో నాలుగు డబ్బులు మిగులుతాయి. మిగిలింది ఖర్చు పెడతారు, బజారు కళకళలాడుతుంది. పోయిన పన్ను మరో దారిన ఖజానాకే వచ్చి చేరుతుంది." మరి చేరేదాకా గడిచేదెలా అంటే, "అప్పు చెయ్యాలి. అప్పు లేని ప్రభుత్వం ఎక్కడైనా ఉందటండీ?" అంటారు. సబ్బుల మీద జీఎస్టీ తగ్గిన రోజున ఆ ఆనందంలో రెండు డజన్ల సబ్బులు మోసుకొచ్చారు. భార్య సుధామయి గారు వాటిని చూసి, "ఉన్నది ఇద్దరం, ఎంతని రుద్దుకుంటామండీ?" అన్నారట.

పరుశురాం ఆర్టీసీ డిపోలో పనిచేసిన మనిషి. ఆయనకు ఈ సిద్ధాంతం ఒంటబట్టదు. "టికెట్ పైసలు తగ్గించుడు మస్తు అల్కగనే ఉంటది సార్. డీజిల్ ఎవడు పోస్తడు?" అనేవాడు. ఒకరోజు వాదన ముదిరి, "గింత నమ్మకం ఉంటే మన అపార్ట్‌మెంటుకే ప్రెసిడెంటు అయ్యి చేసి సూపెట్టుండ్రి," అన్నాడు.

ఆ పదవికి మా దగ్గర పోటీపడేవాళ్ళుండరు, పారిపోయేవాళ్ళే ఉంటారు. కాబట్టి శశిభూషణ్ గారు ఏకగ్రీవంగా గెలిచారు. గెలిచిన రోజే నెల మెయింటెనెన్సు మూడు వేల నుంచి రెండు వేలకు దించేశారు. జనం శాలువా కప్పారు. మొదటి అంతస్తు దివాకర్ ఏకంగా కాళ్ళకు దండం పెట్టాడు.

సిద్ధాంతంలో మొదటి సగం అక్షరాలా నిజమైంది. మిగిలిన వెయ్యీ జనం ఖర్చు పెట్టారు. బిర్యానీలు తెచ్చే బండ్లు గేటు దగ్గర బారులు తీరాయి, చెత్త రెట్టింపైంది. రెండో సగమే మొహం చాటేసింది. తిరిగొచ్చే డబ్బు కోసం ఆయన మెట్ల పక్కన విరాళాల డబ్బా ఒకటి పెట్టించారు. రెండు నెలల తర్వాత తెరిస్తే అందులో కోచింగ్ సెంటర్ కరపత్రాలు కనిపించాయి.

ఎండాకాలం నీళ్ళ ట్యాంకర్లు అరువు మీద వచ్చాయి. జనరేటర్ డీజిల్ కూడా అంతే. లిఫ్టు కంపెనీకి కట్టాల్సింది ఎప్పటికప్పుడు వచ్చే నెలకు జరిగేది. "లోటు చూసి భయపడకూడదు, పరుశురాం గారూ," అనేవారు ఆయన. లోటును చూసి ఆయన భయపడలేదు గానీ, ఆషాఢంలో ఒక మధ్యాహ్నం లిఫ్టు ఆగిపోయింది. పాత బాకీ తీరిస్తే తప్ప రానని మెకానిక్ తేల్చి చెప్పాడు.

సుధామయి గారికి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మెట్ల జోలికి పోవద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. సాయంత్రం పరుశురాం భార్య స్వరూపతో కలిసి తార్నాక చౌరస్తా దాకా వెళ్ళడం, బండి దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీ తినడం, వచ్చేపోయే జనాన్ని తీరుబడిగా చూడటం ఆవిడకు ప్రాణం. అది కాస్తా ఆగిపోయింది. స్వరూప ఒకరోజు బజ్జీలు పొట్లం కట్టించి పైకి తీసుకెళ్ళింది. "నాకు కావలసింది బజ్జీ కాదే, చౌరస్తా," అని సుధామయి గారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ మాట తెలిసినప్పుడు నాకు శశిభూషణ్ గారి మీద ఒళ్ళు మండింది. ఆయనకు ఆయన మీద ఇంకా ఎక్కువ మండినట్టుంది, మూడు రోజులు నడకకు రాలేదు.

నాలుగో రోజున మీటింగు పెట్టి, మెయింటెనెన్సు మళ్ళీ మూడు వేలు చేద్దామన్నారు. దివాకర్ లేచాడు.

"టమాటా రేటు చూసిన్రా సార్? పిల్లల స్కూల్ బస్సు ఫీజు చూసిన్రా? పన్ను పెంచితే సామాన్యుని నడ్డి ఇరుగుతదని మీరే గద చెప్పింది! అయినా మొదటి అంతస్తోళ్ళకు లిఫ్టుతోని పనేంది?"

చప్పట్లు మోగాయి. మాస్టారి పాఠం మాస్టారికే అప్పజెప్పాడు. తీర్మానం వీగిపోయింది.

ఇంతలో వినాయక చవితి వచ్చింది. వాకిట్లో పందిరి, విగ్రహం, నిమజ్జనానికి ముందు లడ్డూ వేలం పాట. మైకు ప్రెసిడెంటు చేతిలో ఉంది. టమాటా రేటుకు నడ్డి విరిగిన దివాకర్ మొదటి పాటే పాతిక వేలన్నాడు. పక్కనున్నాయన ముప్పై అన్నాడు. లడ్డూ డబ్బు వచ్చే చవితిలోగా ఎప్పుడు కట్టినా చెల్లుతుంది. అందుకే పాట దగ్గర మావాళ్ళంతా కుబేరులే. దివాకర్ నలభై దాకా వచ్చి మీసం తిప్పుతున్నాడు.

"యాభై వేలు!"

గొంతు పైనుంచి వచ్చింది. అందరం తలలెత్తాం. నాలుగో అంతస్తు బాల్కనీలో సుధామయి గారు నిలబడి ఉన్నారు.

"యాభై ఒకటి!" అన్నాడు దివాకర్, రోషం వచ్చి.

"అరవై!"

"సుధా, నువ్వు లోపలికెళ్ళు!" అన్నారు శశిభూషణ్ గారు. కంగారులో మైకులోనే అన్నారు, వీధి వీధంతా విన్నది.

"పాట పాడేవాళ్ళని లోపలికి పొమ్మనే అధికారం ప్రెసిడెంటుకి లేదండీ. మూడోసారి అనండి!"

ఆయన నీరసంగా మూడోసారి అన్నారు.

గెలిచినవాళ్ళ గుమ్మం దాకా లడ్డూను డప్పులతో ఊరేగించుకుంటూ, నెత్తిన పెట్టుకుని తీసుకెళ్ళడం మా ఆనవాయితీ. పది కిలోల లడ్డూ. దివాకర్ భక్తి కొద్దీ ముందుకొచ్చి నెత్తికెత్తుకున్నాడు. మొదటి అంతస్తు దాకా డప్పులు అదరగొట్టాయి. రెండో అంతస్తులో దరువు తప్పింది. మూడో అంతస్తు చేరేసరికి డప్పులవాళ్ళు గోడకు చేరగిలబడ్డారు. దివాకర్ లడ్డూను ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. చెమట తుడుచుకుంటూ, "సార్... లిఫ్టు బాగు చెయ్యనీకి ఎంతయితదంటిరి?" అన్నాడు.

ఎలాగో పైకి చేరాం. సుధామయి గారు అందరికీ మంచినీళ్ళు ఇచ్చారు.

"అరవై వేలు ఎక్కడివే?" అన్నారు శశిభూషణ్ గారు, రొప్పుతూ.

"వచ్చే చవితి దాకా గడువుంది కదండీ, చూద్దాం. లడ్డూ మాత్రం మన ఇద్దరికీ ఎందుకు? కిందికి తీసుకెళ్ళి అందరికీ పంచిపెట్టండి."

"మళ్ళ కిందికా అమ్మా?" అన్నాడు దివాకర్. ఏడుపొక్కటే తక్కువ.

పరుశురాం గోడ పట్టుకుని నవ్వాడు. ఆ మెట్ల మీదే, ఆ రొప్పులోనే మీటింగు జరిగింది. మెయింటెనెన్సు మూడు వేలకు చేరింది, లిఫ్టు బాకీకి ఇంటికింత అని అక్కడికక్కడే ఫోన్లలో డబ్బు పంపారు. వద్దన్నవాడు ఒక్కడూ లేడు. వద్దనడానికి ఊపిరి ఉండాలి కదా.

ఆ తర్వాతి గురువారం లిఫ్టు కదిలింది. సుధామయి గారు ఇస్త్రీ చీర కట్టుకుని కిందికి దిగారు. గేటు దాటి, బస్సులనూ ఆటోలనూ చూస్తూ కొంచెంసేపు అలాగే నిలబడిపోయారు. వెనకాల శశిభూషణ్ గారు చేతులు కట్టుకుని నిలుచున్నారు.

"ఇన్నేళ్ళు దేశాన్నంతా గట్టెక్కించారు," అన్నారావిడ, ఆయన వైపు తిరక్కుండానే. "నన్ను నాలుగు అంతస్తులు దించడానికి దివాకర్‌కి ఆయాసం రావాల్సొచ్చింది."

ఆయన ముందుకొచ్చి చెయ్యి చాచారు. ఆవిడ కాసేపు ఆలోచించి, పట్టుకున్నారు.