నిద్రలో తీసిన వేలిముద్ర

ఆదిభట్లలో విమానాలకు వేసే వైర్లను కట్టలు కట్టే కంపెనీలో రేణుక ఆరేళ్లుగా పని చేస్తోంది. వెంట్రుకంత తీగ ఎక్కడ చిట్లిందో అద్దం పెట్టి చూసి చెప్పడం ఆమె పని. చెయ్యి వణకని మనిషని అక్కడ పేరు. అలాంటి రేణుకకు ఆ ఆదివారం మధ్యాహ్నం, ఇబ్రహీంపట్నంలో సొంత ఇంట్లో, చాప మీద నిద్రపోతున్న అత్త పక్కన కూర్చుంటే వేళ్లు వణికాయి.

ఎడమ చేతిలో అరచేయంత ప్లాస్టిక్ పలక. దాని మీద రూపాయి బిళ్లంత వెండి మట్టి.

ఆ మట్టి సంగతి ఆమెకు చెప్పింది కంపెనీలో పక్క బల్ల దగ్గర పనిచేసే మరియ. వెండి పొడిని జిగురుతో కలిపిన ముద్ద అది. చపాతీ పిండిలా వత్తి, అచ్చు వేసి, ఆరబెట్టి మంటలో కాలిస్తే జిగురంతా పోయి వెండి ఒక్కటే మిగులుతుంది. మరియ మెడలో తన కొడుకు వేలిముద్రతో అలాంటి బిళ్ల ఉంది. అది చూసినప్పుడే రేణుకకు ఆడబిడ్డ నిర్మల గుర్తొచ్చింది.

నిర్మలది తుక్కుగూడ. రెండుసార్లు కడుపు పోయింది. ఇది మూడోసారి. ఐదో నెల నుంచి మంచం దిగొద్దన్నారు డాక్టర్లు. ఈ శుక్రవారం ఆపరేషన్. వాళ్లుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్లు అరిగిన అత్త రుక్మాబాయి ఆ మెట్లు ఎక్కలేదు. అందుకే తల్లీకూతుళ్లు నాలుగు నెలలుగా ఫోన్లోనే మాట్లాడుకుంటున్నారు.

"వదినె, అందరు బయటనే ఉంటరు. లోపలికి నేనొక్కదాన్నే పోవాలె గదా. గదే బుగులైతాంది" అని నిర్మల పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఏడ్చేది.

తల్లి వేలిముద్ర ఉన్న వెండి బిళ్ల మెడలో ఉంటే ఆ పిల్లకు ధైర్యంగా ఉంటుందనుకుంది రేణుక. రెండు ఆదివారాలు మరియ ఇంటికి పోయి పని నేర్చుకుంది. ఒక్క ప్యాకెట్ మట్టి తెప్పించుకుంది. అంతా కుదిరాక అడ్డం పడింది అత్త బొటనవేలే.

రుక్మాబాయి ఎక్కడా వేలిముద్ర వేయదు. రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలు పెట్టమంటే తిరిగి వచ్చేసింది. అప్పటినుంచి బియ్యానికి రేణుకే పోతుంది. కారణం ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఆదిభట్ల దిక్కు ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన రెండెకరాల చెలక ఉండేది. భూముల ధరలు లేచిన రోజుల్లో, మామ బుగ్గయ్యకు వరసకు తమ్ముడైన ఒకడు పాస్‌బుక్ పని అని చెప్పి ఆమెతో కాగితాల మీద వేలు వేయించుకున్నాడట. ఆర్నెల్లకు చెలకలో ప్లాట్ల రాళ్లు లేచాయి. బుగ్గయ్య భార్యను ఒక్క మాట అనలేదు. ఆ చెలక ఊసే ఎత్తకుండా బతికి, అట్లాగే పోయాడు.

శనివారం రేణుక మంచిగానే అడిగింది. "నిర్మల కోసమే అత్తమ్మా. ఒక్కసారి వేలు పెడితే చాలు."

"వద్దు. ఇంకేమన్నా అడుగు, ఇస్త" అంది రుక్మాబాయి.

రోజులు చూస్తే లేవు. మట్టి ఆరడానికి ఒక రోజు, కాల్చడానికి ఒక పూట. నిద్రలో తీసుకుంటే ఆమెకు తెలియనే తెలియదు, తర్వాత బిడ్డ మెడలో చూసి తనే మురుస్తుంది అని రేణుక మనసుకు సర్ది చెప్పుకుంది. మట్టి అంటకుండా అత్త బొటనవేలికి చుక్క కొబ్బరినూనె రాసి, మట్టికి ఆనించి మెల్లగా నొక్కింది.

రుక్మాబాయి కళ్లు తెరిచింది.

ముందు కోడలి ముఖం చూసింది. తర్వాత తన వేలు. దిగ్గున లేచి గోడకు జరిగి, నూనె అంటిన వేలిని చీర కుచ్చిళ్లకేసి రుద్దింది. ఇంకా ఇంకా రుద్దింది. "ఏం తీస్కున్నవే? నా చేతుల నుంచి ఏం తీస్కున్నవ్?"

"ఏం లేదత్తమ్మా, మట్టి, గా బిళ్ల కోసం..."

ఆమె వినలేదు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. సోమవారం కోడలు కలిపి ఇచ్చిన చాయ్ ముట్టలేదు. రేణుక భర్త మహేశ్వర్ కంపెనీ బస్సు నడుపుతాడు. "అమ్మకు ఏమైంది?" అని అడిగితే రేణుక వంటగదిలోకి తప్పుకుంది. పనిలో రెండు వైర్లు తప్పు చూసింది. ఈ వయసులో మనిషి తిండి మానేస్తే ఏమవుతుంది? శుక్రవారం దవాఖానకు రానంటే నిర్మల ఏమైపోతుంది? ఎటు పోయినా అత్త చూసిన ఆ చూపే కళ్ల ముందు నిలబడింది.

మంగళవారం సాయంత్రం బస్సు దిగి నేరుగా అత్త ముందు కూర్చుంది. "తప్పు చేసిన. నువ్వు వద్దన్నంక తీసుడు దొంగతనమే. తిట్టు, కొట్టు, గని తిను."

అప్పుడు రుక్మాబాయి అసలు సంగతి చెప్పింది. చెలక పోయిన ఆ నాడు ఆమె ఏ కాగితం మీదా వేలు వేయలేదు. జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడుకుంది. బుగ్గయ్య ఇంట్లో లేడు. "లేచి సూస్తె బొటనేలుకు నీలం సిరా. ఎట్లొచ్చిందో తెల్వలె. తెల్సినంక చెప్తె ఎవ్వరు నమ్ముతరు? ఇంత మొద్దు నిద్ర ఉంటదా అంటరు. మీ మామ గూడ గట్లనే అనుకుంటడని చెప్పలె."

ఇరవై ఏళ్లుగా అందరూ ఆమెను తెలివితక్కువదని జాలిపడ్డారు. ఆమె పడనిచ్చింది. నిద్రలో ఉన్న అదే చేతిని మొన్న రేణుక కూడా పట్టుకుంది.

"అది ఏది?" అంది రుక్మాబాయి.

రేణుక అల్మారాలోంచి పలక తెచ్చింది. ఆదివారం గాభరాలో తడిగుడ్డ కప్పడం మరిచిపోతే మట్టి గట్టిపడిపోయింది. దాని మీద సగం ముద్ర, అత్త కళ్లు తెరిచి వేలు లాక్కున్నప్పుడు పడిన గీతతో సహా.

"దీన్ని ఖరాబ్ చెయ్యొచ్చా?"

"పొడి చేసి నీళ్లు కలిపితే మళ్ల మట్టే అయితది."

రుక్మాబాయి అల్లం దంచే చిన్న రోలు అడిగింది. రేణుక దాన్ని కడిగి, తుడిచి, ఆరబెట్టి ఇచ్చింది. ముసలామె బిళ్లను అందులో వేసి దంచింది. బిళ్ల ముక్కలై, ముక్కలు నలిగి బూడిద రంగు పొడి అయినా ఆపలేదు. నుదుటి మీద చెమట పట్టింది. రేణుక వద్దనలేదు. వెండి పోతుందేమో, మట్టి మళ్లీ కలవదేమో అన్న భయం గొంతులోనే అణచుకుంది.

ఆఖరికి రుక్మాబాయి రోలు పక్కకు నెట్టి, "ఇగ కలుపు" అంది.

చుక్క చుక్క నీళ్లు పోసి రేణుక కలిపింది. మొదట ఇసకలా విడిపోయింది. అరగంట పిసికితే మెల్లగా ముద్ద కట్టింది. బిళ్లగా వత్తి, అంచున దారానికి బెజ్జం పెట్టాక రుక్మాబాయి చెయ్యి చాపలేదు.

"ముందు నువ్వు పెట్టు" అంది.

రేణుక తన బొటనవేలు నొక్కింది. గీతలన్నీ తేటగా పడ్డాయి. రుక్మాబాయి అది చూసి, బిళ్లను తనే తిప్పి, రెండో వైపు తన వేలు ఆనించి కళ్లు మూసుకోకుండా నొక్కింది. కలుపులు తీసి, బట్టలుతికి అరిగిన వేలు. నాలుగైదు గీతలే పడ్డాయి, మధ్యలో అంతా నునుపు.

గురువారం రేణుక సెలవు పెట్టింది. పొద్దున్నే డాబా మీద ఇటుకపై బిళ్ల పెట్టి, మరియ ఇచ్చిన చిన్న గ్యాస్ బర్నర్‌తో మంట పట్టింది. మోకాళ్లు పట్టుకుంటూ రుక్మాబాయి కూడా ఎక్కి వచ్చింది. బిళ్ల పొగలు కక్కి, భగ్గున అంటుకుంది.

"కాలిపోతాందే!"

"జిగురు పోతాంది అత్తమ్మా. జర ఆగు" అంది గానీ రేణుకకూ నమ్మకం లేదు. దంచి కలిపిన మట్టి లోపల గాలి ఉంటే పగులుతుందని మరియ చెప్పింది. మంట ఎక్కువైతే కరిగిపోతుంది, తక్కువైతే చేతిలో విరుగుతుంది. బిళ్ల ఎర్రబడింది. రెండు నిమిషాలు లెక్కపెట్టింది. మంట ఆపితే సున్నంలా తెల్లగా, ముందుకన్నా చిన్నగా అయింది. అంచున సన్నని బీట. వేలితో నొక్కి చూసింది. విరగలేదు. ఇత్తడి బ్రష్‌తో రుద్దుతుంటే తెలుపు కింద నుంచి వెండి బయటపడింది.

శుక్రవారం దవాఖానలో నల్లదారం కట్టి నిర్మల మెడలో వేశారు. కానీ థియేటర్ తలుపు దగ్గర నర్సు నగలన్నీ తీసెయ్యాలంది. ఆ మాట రేణుకకు తట్టనే లేదు. నిర్మల ఏడుస్తూ బిళ్ల తీసి వదిన చేతిలో పెట్టి లోపలికి పోయింది. ఇన్ని రోజుల కష్టం తలుపు ఇవతలే మిగిలిపోయింది. రేణుక బిళ్లను గుప్పిట్లో బిగించుకుని బెంచీ మీద కూలబడింది.

గంట దాటింది. ఎవరూ బయటికి రాలేదు. ఆ గంటలోనే, కూర్చోలేక నిలబడలేక ఉన్న మహేశ్వర్‌ను రుక్మాబాయి పక్కకు పిలిచి జ్వరం నాటి సంగతంతా చెప్పింది. అతను తల వంచుకుని విన్నాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?" అని ఒక్కటే అడిగాడు. జవాబు చెప్పేలోపు తలుపు తెరుచుకుంది. ఆడపిల్ల. తల్లి బాగానే ఉంది.

సాయంత్రానికి నిర్మల కాస్త కళ్లు తెరిచింది. రేణుక బిళ్లను చేతిలో పెడితే, మత్తు దిగని వేళ్లతో అటూ ఇటూ తడిమింది. గీతలు తేటగా ఉన్న వైపు చెంపకు ఆనించుకుంది. "గిది అమ్మది గదా?"

ఆ వైపున్నది రేణుక ముద్ర. ఆ మాట చెప్పడానికి నోరు తెరవబోయింది.

"అవ్ బిడ్డా, నాదే" అంది రుక్మాబాయి, పసిదాని గుడ్డ సర్దుతూ.