లడ్డు పుచ్చుకుని ఫైలివ్వని చంద్రకాంతమ్మ

చంద్రకాంతమ్మ ఒకసారి కలెక్టరును, ఇద్దరు ఎమ్మెల్యేలను, ఒక మదపుటేనుగును ఒక్క తాళంచెవితో ఆపేసింది. నమ్మకపోతే తిరుపతిలో ఆమె పనిచేసే డిగ్రీ కాలేజీకి పోయి సుజనను అడగండి. ఆ పిల్ల కళ్లారా చూసింది.

రికార్డుల గదిలో చంద్రకాంతమ్మ ఇరవై రెండేళ్లుగా అటెండరు. మనిషి నాలుగున్నర అడుగులే గాని, బీరువాకు అడ్డం నిలబడితే శేషాచలం కొండకు చెల్లెలి వరస.

ఆ రోజు కిటికీ ముందు వరుసలో సుజన ఐదోది. పందొమ్మిదేళ్లు. రెండు పేపర్లు తప్పింది, ఇంట్లో చెప్పలేదు. మళ్లీ రాయడానికి దరఖాస్తు పట్టుకుని నిలబడి ఉండగా, సత్యవేడు నుంచి మేనమామ ధనశేఖర్ దిగాడు. సంగతి తెలిస్తే చదువు మానిపించి సాయంత్రం బస్సుకే తీసుకుపోయే మనిషి. సుజన చున్నీని ముక్కు మీదికి లాక్కుంది.

ధనశేఖర్ వరుసను దాటుకుని పోయి కిటికీలో తిరుమల లడ్డు పెట్టాడు. ప్రసాదం వద్దనే చెయ్యి తిరుపతిలో ఇంకా పుట్టలేదు. అది తెలిసే తెచ్చాడు. చంద్రకాంతమ్మ రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. పనైపోయిందనుకున్నాడు.

“అక్కా, మా సుజన మార్కులు ఒకతూరి సూపించు.”

“ఆ బిడ్డ సంతకం పెట్టిన కాగితం ఉండాదా?”

“మేనమామనక్కా! ఎత్తుకుని పెంచినోణ్ణి!”

“అట్లయితే ఆ బిడ్డనే అడుగబ్బా. పద్దెనిమిది దాటినాయి. ఆయమ్మి ఫైలు ఆయమ్మిదే.”

“మరి లడ్డు తీసుకుంటివే!”

ఆ కేకకు చంద్రగిరి కోటలో పావురాలు లేచిపోయాయి. చంద్రకాంతమ్మ మాత్రం రెప్ప కూడా వేయలేదు. లడ్డు చిదిమి వరుసలో అందరికీ పంచింది. ధనశేఖర్ చేతిలోనూ ఇంత పెట్టింది.

“ప్రసాదం అందరిదబ్బా. మార్కులు ఆ బిడ్డవి.”

సుజన అరచేతిలోనూ ఒక ముక్క పడింది. చున్నీ వెనక ఉన్నదెవరో చంద్రకాంతమ్మకు తెలుసు. అయినా చూపు ఆ పిల్ల మీద ఒక్క క్షణం కూడా ఎక్కువ నిలవలేదు. తన పేరున్న నాలుగు కాగితాల కోసం ఒక మనిషి ఇట్లా నిలబడుతుందని సుజన కలలో కూడా అనుకోలేదు. చున్నీ తీసేసింది.

“మామా, రెండు పేపర్లు పోయినాయి. మళ్లా రాస్తా.”

ధనశేఖర్ నోటి నిండా లడ్డు. మింగేదాకా తిట్టడానికి లేదు. మింగినాక ఒకటే అడిగాడు: “పరీక్ష ఎప్పుడు?”

వారం తిరిగేసరికి క్యాంటీనులో ఆ కథకు కలెక్టరు తగిలాడు, ఏనుగూ తగిలింది. నిజమేనా అని అడిగితే, చంద్రకాంతమ్మ బీరువాకు తాళం వేస్తూ అంది: “ఏనుగూ లేదు, కలెక్టరూ లేదు. వాళ్ల మామొచ్చినాడు. కాగితం తేలేదు. నేనియ్యలేదు.”