బిగించాకే గీసిన గీత

మా ఇంట్లో ఇప్పటికీ ఎర్ర గీతలు కనిపిస్తాయి. ఫ్యాను పైకప్పుకు తగిలే చోట ఒకటి, బట్టలారేసే తీగ కొక్కెం మీద ఒకటి, వీధి గుమ్మం పక్కనుండే చెక్క కుర్చీ కాళ్ళకు నాలుగు. నట్టు మీద నుంచి చెక్క మీదకు జారిన అగ్గిపుల్లంత గీతలు. అన్నీ మామయ్యవే. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. పోయిన వానాకాలంలో చనిపోయాడు.

మామయ్య బస్సు డిపోలో ఫిట్టరు. ముప్పయ్యేళ్ళు చక్రాలు విప్పడం, బిగించడం, అంతే పని. నట్టును పూర్తిగా బిగించాక దాని మీద నుంచి రిమ్ము మీదకు ఎర్ర పెయింటు పెన్సిలుతో గీత గీయడం అక్కడి పద్ధతి. నట్టు ఏ కాస్త తిరిగినా గీత విరిగి పక్కకు జరుగుతుంది. పొద్దున్నే బండి తీసే డ్రైవరు వంగి గీతలు చూసుకుంటాడు. తిన్నగా ఉంటే ఎక్కి కూర్చుంటాడు. నట్టును ముట్టుకోడు. గీసినవాడి మీద నమ్మకంతో బస్సెడు జనం బయల్దేరతారు.

"బిగించాకే గీత. ముందు గీసేసి తరవాత బిగిద్దాంలే అనుకునేవాడు డిపోలోనే కాదు, ఇంట్లో కూడా ఉండకూడదు" అనేవాడు మామయ్య. మా ఇంటికొస్తే చేతులు ఊరుకునేవి కావు. కుక్కరు పిడి కాస్త ఊగిందంటే చాలు, జేబులోంచి స్క్రూడ్రైవరు, దాని వెనకే ఎర్ర పెన్సిలు బయటికొచ్చేవి.

"వీడి చేతికి చిక్కితే నా దవడలు కూడా బిగించి గీత గీస్తాడే" అనేవాడు నాన్న అమ్మతో.

"నీ దవడకు సరిపోయే నట్టు దొరకట్లేదు బావా. లారీ సైజు కావాలి."

నాన్నది బళ్ళకు రంగులేసే పని. వీధి చివర షెడ్డు. నలుగురు రెండు పూతలు వేసే చోట నాన్న ఆరు వేసేవాడు. ఆరిన రంగు మీద అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని తడిమి చూసేవాడు. ఆయన రంగు మీద చిన్న గీటు పడినా రెండు రోజులు అన్నం సయించేది కాదు. ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

ఏడేళ్ళ కిందట నేనొక పాత ట్రెయిలరు తెచ్చుకున్నాను. జీపు వెనక తగిలించుకునే రేకు పెట్టె, కింద రెండు చక్రాలు, లోపల ఇద్దరికి సరిపోయే పరుపు, వెనక తలుపెత్తితే పొయ్యి పెట్టుకోడానికి చిన్న గట్టు. తారురోడ్డు కోసం చేసిన బండి అది. నాకేమో రాళ్ళ వాగులు దాటి కొండల్లోకి వెళ్ళాలని, అమ్మను తీసుకెళ్ళాలని కోరిక.

మామయ్య చుట్టూ తిరిగి చూశాడు. "ఇది బండి కాదే అమ్మాయ్, బొద్దింక. పొట్ట నేలకు రాసుకుంటోంది."

మూడు నెలల పాటు ఆదివారాలన్నీ దానికే పోయాయి. ఇరుసు కింద ఉన్న, కుదుపులు మింగే కమాను పట్టీలను విప్పి ఇరుసు పైకి మార్చాడు మామయ్య. బండి జానెడు లేచింది. నీళ్ళ తొట్టికి రాళ్ళు తగలకుండా అడుగున మందపాటి రేకు కట్టాడు. మట్టిరోడ్డు మీద ఒకసారి తిప్పి తెచ్చేసరికి పరుపు మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము. నన్ను లోపల కూర్చోబెట్టి, తలుపులన్నీ మూసి, చేతిలో సుద్దముక్క పెట్టాడు.

"ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ గుర్తు పెట్టు. వెలుతురు దూరిన చోట దుమ్ము దూరదా?"

"ఉక్కపోసి చచ్చిపోతున్నా మామయ్యా!"

"చావకముందే గుర్తులు పెట్టవే తల్లీ."

పదకొండు చోట్ల వెలుతురు. పదకొండు చోట్లా రబ్బరు పట్టీ వేశాడు.

తరవాత వెనక దీపాలు మొండికేశాయి. బ్రేకు నొక్కితే వెలగాల్సింది పోయి, వెలుగుతున్నవి కూడా మసకబారేవి. మామయ్య వైరు పట్టుకుని పాకుతూ వెళ్ళి, చట్రానికి బిగించిన ఎర్తు బోల్టు దగ్గర ఆగాడు. బోల్టు విప్పి, కింద నాన్న వేసిన నిగనిగలాడే రంగును గీకేశాడు. తెల్లటి ఇనుము బయటపడింది. వైరు మళ్ళీ బిగించగానే రెండు దీపాలూ భగ్గున వెలిగాయి.

"నీ రంగే బావా. మధ్యలో అది కూర్చుంటే ఇనుము ఇనుమును తాకదు."

నాన్న దీపాలు చూడలేదు. గీకిన చోటే చూశాడు. "అడగకుండా నా రంగు మీద చెయ్యేస్తావురా నువ్వు?" అన్నాడు. ఆ పూట మామయ్యతో కలిసి టీ కూడా తాగలేదు.

చివరి ఆదివారం చక్రాలు. మూడు రిమ్ములకూ నాన్న రంగేశాడు, స్టెప్నీతో కలిపి. మామయ్య రాకముందే రెంటిని ఇరుసు చివరనుండే హబ్బులకు ఎక్కించి, నట్లు చేత్తో తిప్పి ఉంచాడు. స్టెప్నీని బండి వెనక తగిలించాడు. మామయ్య వచ్చి, నట్లు విప్పి పళ్ళెంలో వేసి, అవి కూర్చునే గుంతలు శుభ్రంగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసుకున్నాడు. నేను నట్ల పళ్ళెం పట్టుకుని పక్కనే ఉన్నాను.

"ముందర బాగుంది. రిమ్ము వెనక, హబ్బుకు ఆనే చోట రంగు వేశావా బావా? వేస్తే చెప్పు, విప్పి గీకేద్దాం. అయిదు నిమిషాల పని."

"వెయ్యలేదురా. నాకామాత్రం తెలీదనుకున్నావా?"

మామయ్య ఇంకేం అడగలేదు. పొడుగు స్పానరు తగిలించి, ఒంటి బరువంతా మోపి, ఎదురెదురు నట్లను జతలు జతలుగా బిగించాడు. అప్పుడు పెన్సిలు తీశాడు. పది నట్లు, పది గీతలు. "దారిలో ఆగినప్పుడల్లా గీతలు చూసుకో" అన్నాడు నాతో.

చూసుకున్నాను. కొండ మొదట్లో జీపాపి, వంగి చూశాను. పది గీతలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. అమ్మ ముందు సీట్లో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. ఇంకో గంటకు, రాళ్ళ దిగుడులో, మా ఎడమ పక్క నుంచి ఒక చక్రం మమ్మల్ని దాటుకుని ముందుకు దొర్లిపోయింది. "అదెవరిదే?" అంది అమ్మ. నేను జవాబు చెప్పేలోగా ట్రెయిలరు అడ్డం తిరిగి జీపును పక్క గోతిలోకి ఈడ్చింది. అమ్మ కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. అతికింది కానీ తిన్నగా అతకలేదు. ఇప్పటికీ ఆ చేత్తో నిండు గిన్నె ఎత్తలేదు.

బండిని ఇంటికి చేర్చాక మామయ్య పరుగున వచ్చాడు. నాన్న ఆయన్ను ఊడిపోకుండా మిగిలిన కుడి చక్రం దగ్గరకు తీసుకెళ్ళాడు. కట్టు కట్టిన చేత్తో అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"గీతలు చూడరా. వెంట్రుకవాసి కదిలాయా? ఇప్పుడు నట్టు చూడు." రెండు వేళ్ళతో తిప్పాడు నాన్న. సీసా మూతలా తిరిగింది. "నట్టు వదులు, గీత మాత్రం తిన్నగా ఉంది. అంటే ఏంటి? బిగించకుండానే గీసేశావు."

మామయ్య వంగి ఆ నట్టును తనూ తిప్పి చూశాడు. "బిగించే గీశాను బావా. చక్రం విప్పి చూద్దాం. వెనక రంగేమైనా..."

"ఓహో, ఇప్పుడు తప్పు నాదన్నమాట! మీ అక్క చెయ్యి చూసి మాట్లాడు."

మామయ్య స్పానరు అందుకున్నాడు. అమ్మ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "దాన్ని కింద పెట్టరా. ఇంక ఈ ఇంట్లో నువ్వేదీ బిగించొద్దు."

మామయ్య దాన్ని కింద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు.

ఆ తరవాత ఆరేళ్ళు. ఆదివారం ఆదివారం వచ్చేవాడు, మానలేదు. తను గీతలు గీసిన చెక్క కుర్చీలో కూర్చునేవాడు. అమ్మ టీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయేది. నాన్న పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఒకసారి అమ్మ కుక్కరు పిడి ఊడితే, మామయ్య ఎదురుగానే సంచిలో వేసుకుని వీధి చివర కొట్టుకు పట్టుకెళ్ళింది. ఆయన చెయ్యి జేబుదాకా వెళ్ళి ఆగిపోవడం నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఆ దిగుడులో స్టీరింగు నా చేతిలో ఉంది కాబట్టి, తప్పు ఆయనదంటే నాకూ ఎక్కడో హాయిగానే ఉండేది. సంగతి ఆ నోటా ఈ నోటా డిపోకు కూడా చేరింది. రిటైరయ్యే ముందు చివరి రెండేళ్ళు ఆయన్ను చక్రాల మీద నుంచి తీసి సామాన్ల గదిలో వేశారు.

మామయ్య పోయిన రెండు నెలలకు, ఒక ఆదివారం పొద్దున, ట్రెయిలరు మీద కప్పిన పట్టా తీశాను. ఆరేళ్ళుగా కదలని బండి. బేరింగులకు గ్రీజు పెడదామని చక్రాలు విప్పాను. ఎడమది ప్రమాదం తరవాత వేసిన కొత్త రిమ్ము. కుడిది ఆనాటిదే. వెనక్కి తిప్పితే, హబ్బుకు ఆనే చోట చుట్టూ పళ్ళెమంత మేర రంగు గీకేసి ఉంది. ఎమిరీ కాగితంతో రుద్ది, తుప్పు పట్టకుండా పల్చగా నూనె రాసి ఉంది. హబ్బు ముఖం కూడా అంతే. ఎంతో ఓపిగ్గా చేసిన పని.

వెనక తగిలించి ఉన్న స్టెప్నీ వైపు చూశాను. మూడింటికీ ఒకే రోజు రంగేశారు. దాన్ని ఎవరూ ఒక్కసారి కూడా వాడలేదు. దించి బోర్లా వేశాను. వెనకంతా నిగనిగలాడే బూడిదరంగు. స్క్రూడ్రైవరు మొనతో గుచ్చితే పొరలు పొరలుగా లేచింది.

అర్థం కావడానికి ఫిట్టరై ఉండక్కర్లేదు. ఇనుముకూ ఇనుముకూ మధ్య అంత మందాన రంగు ఉంటే, బండి బరువు పడి అది నలుగుతుంది. నలిగిన మేర చక్రం వదులవుతుంది. నట్టు వెంటనే తిరగదు కాబట్టి గీత కదలదు, తరవాత రాళ్ళ కుదుపులకు ఊడొస్తుంది. బిగించకుండా గీసి ఉంటే కొండ చేరకముందే నట్లు తిరిగి గీతలు విరిగేవి, అంటే గట్టిగా బిగించాకే గీశాడన్నమాట. ఏ గీతను చూపించి ఆయన్ను దొంగను చేశామో అది ఆరేళ్ళూ నిజమే చెబుతూ ఉంది.

"వెయ్యలేదురా." పళ్ళెం పట్టుకుని నేను విన్న మాటే. మామయ్య అడగడమూ విన్నాను. ఒక్కసారి కూడా గుర్తు చేసుకోలేదు.

స్టెప్నీని దొర్లించుకుంటూ వెళ్ళి గుమ్మం ముందు బోర్లా పడేశాను. నాన్న చెక్క కుర్చీలో పేపరు చదువుతున్నాడు. మామయ్య పోయినప్పటి నుంచి అందులోనే కూర్చుంటున్నాడు.

"ఇదేంటి నాన్నా?"

"స్టెప్నీ."

"వెనక రంగుంది. కుడి చక్రానిది గీకేసి ఉంది. ఎప్పుడు గీకావు?"

పేపరు మడిచాడు. చాలాసేపు మడిచాడు. "ఆ తరవాతి నెల. కొత్త రిమ్ము వేసేటప్పుడు విప్పాను. చూడగానే తెలిసిపోయింది."

"అమ్మకు చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నా. ఆ వారం కాకపోతే పై వారం అనుకున్నా. అలా అయిపోయింది." తలెత్తాడు. "ఇప్పుడు వాడు లేడు కదమ్మా. మీ అమ్మకు చెప్పి ఏం లాభం?"

నా చిన్నప్పుడు పండిన జామకాయ కోసి, పెద్ద ముక్క నాకిచ్చి చిన్నది తను తిన్న మనిషి. ఈ మాట కూడా ఆయనే అన్నాడు. రెంటినీ ఒకే మనిషిలో ఎక్కడ పెట్టుకోవాలో నాకింకా తెలియలేదు.

తడి చేతులు తుడుచుకుంటూ అమ్మ వచ్చింది. "పొద్దున్నే ఆ చక్రం ముందేసుకుని ఏంటి మీ పంచాయితీ?"

"నాన్న చెబుతాడు" అన్నాను. "నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను నాన్నా."

చెప్పాడు. రిమ్ము వంకే చూస్తూ, ఎవరికో బండి లోపం వివరిస్తున్నట్టు చెప్పాడు.  అంతా అయ్యాక అమ్మ అడిగింది.

"వాడికి తెలుసా?"

నాన్న పేపరును ఇంకో మడత పెట్టాడు.

"మిమ్మల్నే అడుగుతున్నా. నా తమ్ముడికి తెలుసా?"

"తెలుసు. నేను గీకుతున్న రోజు వచ్చాడు. వెనక నిలబడి చూశాడు."

"ఏమన్నాడు?"

"'అక్కకు నువ్వే చెప్పు బావా, నేను చెబితే సంజాయిషీలా ఉంటుంది' అన్నాడు. అంతే. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు."

అమ్మ వంకర మణికట్టును రెండో చేత్తో పట్టుకుంది. ప్రతి ఆదివారం ఎందుకొచ్చాడో, పేపరు వెనకున్న నాన్న వైపు అలా ఎందుకు చూస్తూ కూర్చునేవాడో, టీ తాగేసినా ఖాళీ గ్లాసు పట్టుకుని ఎందుకు లేచేవాడు కాదో, ఆమెకూ నాకూ ఒక్కసారే తెలిసింది. నాన్న చెబుతాడేమోనని వచ్చేవాడు.

"ఇక్కడే కూర్చునేవాడు" అంది అమ్మ. "నేను టీ ఇచ్చి లోపలికెళ్ళిపోయేదాన్ని. 'తిన్నావురా' అని కూడా అడగలేదు."

"నేను..." అన్నాడు నాన్న.

"లేవండి."

"ఏంటి?"

"ఆ కుర్చీలోంచి లేవండి."

నాన్న లేచాడు. అమ్మ కుర్చీని ఎడమచేత్తో ఎత్తి లోపలికి తీసుకుపోయింది. నేను సాయం పట్టబోతే వద్దంది.